మొదట కనిపించే పేరు

పద్దెనిమిదో భాగం

“పాస్‌వర్డు చెప్తవా, చెప్పవా?”

పొద్దున్నుంచి పాండురంగం అడగడం ఇది నాలుగోసారి. మొదటిసారి మామూలుగా అడిగాడు. రెండోసారి బతిమాలాడు. మూడోసారి, కింద దుకాణంలో యూరియాకు వచ్చినవాళ్లు తలెత్తి పైకి చూసేంత గట్టిగా అడిగాడు. ఇప్పుడు వంటింటి గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

శారద పీట మీద కూర్చుని గోంగూర తెంపుతోంది. తలెత్తలేదు.

“చెప్ప.”

“ఎందుకు చెప్పవు?”

“చెప్తే ఆ పేజీ మళ్లా పెడ్తరు.”

“పెట్టేటందుకే కదనే అడిగేది!”

“అందుకే చెప్ప.”

ఇరవై ఏడేళ్ల కాపురంలో భార్య ఇంత పొదుపుగా మాట్లాడటం పాండురంగం ఎప్పుడూ చూడలేదు. తిడితే తిరిగి తిట్టొచ్చు. ఏడిస్తే ఓదార్చొచ్చు. గోంగూర తెంపుకుంటూ కూర్చున్న మనిషిని ఏం చెయ్యాలో అతనికి తోచలేదు.

గురువారం నుంచి ఆ ఇంట్లో ఇదే రభస. ఆ రోజు ఎవరో రైతు ఫోన్ చేసి, “అమ్మా, నువ్వు రాసిన చిగురుబలం మందు ఏడ దొరుకుతది?” అని అడిగాడు. ఆ పేరే శారద వినలేదు. మిరప రైతుల కోసం తాను నడిపే వెబ్‌సైటు తెరిచి చూసుకుంటే, తన ఫోటో పక్కన, తన పేరు కింద, తాను రాయని పేజీ ఒకటి ఉంది. ‘మిరపలో ఏ ఆకు ముడతకైనా ఒకటే మందు.’ అప్పటికి తొమ్మిది రోజులుగా ఉంది. రెండు వాక్యాలు చదివేసరికి ఒళ్లు మండింది. మిగతాది చదవకుండానే తీసిపారేసి, పాస్‌వర్డు మార్చేసింది.

ఇదంతా ఎవరి పనో కనిపెట్టడానికి ఆమె పెద్దగా కష్టపడాల్సిన అవసరం లేకపోయింది. శుక్రవారం పొద్దున దుకాణం ముందు కొత్త బోర్డు ఎక్కింది. చిగురుబలం, జిల్లా డీలరు, పాండురంగం ఎరువుల దుకాణం. ఎనుమాముల మార్కెట్‌కు పోయే రోడ్డు మీద ఇన్ని దుకాణాలుండగా ఆ కంపెనీ ఈయన్నే వెతుక్కుంటూ ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమైంది. వాళ్లకు కావలసింది కింది దుకాణం కాదు, పైన వంటింట్లో కూర్చున్న మనిషి పేరు.

“పదకొండేండ్ల సంది రాస్తానవు,” అన్నాడు పాండురంగం, గొంతు తగ్గించి. “పొద్దుమాపు ఫోన్లు. అన్నం తినేటప్పుడు ఫోన్లు. నేను ఒక్కనాడన్న ఇదేందని అడిగిన్నా? ఇంటికి అక్కెరకొచ్చే పని ఒక్కటి ఒచ్చింది, దానికి అడ్డం పడ్తానవు.”

“అడగకపోతిరి గద నన్ను.”

“అడిగితే ఒప్పుకుందువా?”

“ఒప్పుకోకపోదును.”

“మరి!” అన్నాడు పాండురంగం, తన వాదనే నెగ్గినట్టు.

శారదకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఈ మనిషితో వాదన ఎప్పుడూ ఇంతే. గానుగెద్దులా తిరిగి తిరిగి మొదలైన చోటికే వస్తుంది.

హాల్లోంచి ఎవరో దగ్గారు. హైదరాబాద్ నుంచి పొద్దున్నే కారులో దిగిన భానుచందర్. చిగురుబలం కంపెనీకి ప్రచారం చేసిపెట్టే ఆఫీసు అతనిది. ముప్పై ఏళ్లుంటాయి. టీ రెండుసార్లు తాగాడు. ఇక ఓపిక పట్టలేక తానే లేచి వంటింటి దాకా వచ్చాడు.

“మేడం, కోపం పక్కకు పెట్టి ఒక్క ఐదు నిమిషాలు వినుండ్రి. మిరప ముడత అని ఫోన్ల అడిగితే మా కంపెనీ సైటు నలభయ్యో నంబర్ల కూడ రాదు. మీది మొదట వస్తది. ఎందుకో తెలుసా మీకు?”

“తెల్వదు. నేను దానికోసం రాయలే.”

“అదే మేడం, అదే!” అన్నాడు భానుచందర్ ఎంతో సంబరంగా. “వ్యవసాయ కాలేజీ వాళ్ల పేజీల మీ సైటుకు లింకున్నది. పరిశోధన కేంద్రం పేజీల రమాకాంత్ సార్ పెట్టించిండు. పేపరోళ్లు రాసినప్పుడల్లా మీ పేరు పెట్టి లింకిచ్చిన్రు. రైతుల గ్రూపులల్ల మీ పేజీలే తిరుగుతయి. మీరు ఎవ్వలకు రూపాయి ఇయ్యలే, పెట్టుండ్రని అడగలే. నలుగురు పెద్దమనుషులు వాళ్లంతట వాళ్లే ‘పొయ్యి ఆమెను అడుగుర్రి’ అని చెప్తే ఎట్లుంటదో, గిది గట్ల. గూగుల్ సూసేది అదే. ఎవలు ఎవల దిక్కు చూపిస్తాన్రని. మీకైతే పదకొండేండ్ల సంది ఒకటే పేరు, ఒకటే పని. చదివెటోళ్లు మధ్యల ఇడిసిపెట్టి పోరు, కిందిదాంక చదువుతరు. ఇవన్ని కలిస్తేనే మేడం, అథారిటీ.”

“లింకులు బజార్ల అమ్ముతరని విన్న. కొనుక్కోకపోయిన్రా?”

“కొన్నం మేడం,” అన్నాడతను ఏ మాత్రం సిగ్గు లేకుండా. “మూడు నెలలు పైకి లేసినట్టే లేసి గూగుల్‌కు దొరికిపోయినం. ఉన్న నంబరు గూడ పోయింది.”

“అంటే కొంటే దొరకలేదని ఎత్కపోయిన్రు.”

“ఎత్కపోవుడేందే?” పాండురంగం అందుకున్నాడు. “ఆలుమగల నడుమ ఎత్కపోవుడు ఉంటదా? నీది నాది అని ఎన్నడన్న అనుకున్నమా?”

శారద ఆకు గిన్నెలో వేసి, కాడలు చేటలోకి తోసింది.

“నా పేరు మీద పంపుకు ఎంత మందు కలపాల్నో రాసిన్రు. అది మీది నాది కాదు. చేన్ల కొట్టుకునేటోనిది.”

 భానుచందర్ మళ్లీ హాల్లోకి వెళ్లి ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. పాండురంగం గుమ్మంలోనే ఉన్నాడు. కుక్కరు మూడు కూతలు వేసింది. నాలుగోది వేసేలోపు మెట్ల మీద నుంచి కొత్త గొంతు వినిపించింది.

“శారదమ్మ ఇల్లు ఇదేనా అయ్యా?”

యాభై దాటిన ఆడమనిషి. పాత చీర కొంగు నడుముకు దోపుకుంది. చంకలో యూరియా సంచి, దాని మూతిలోంచి రెండు మిరప మొక్కలు వేళ్లతో సహా బయటికి చూస్తున్నాయి.

“నేనమ్మా, సోమక్కను. పరకాల అవుతలికెల్లి వచ్చిన. మూడేండ్ల కింద నల్లతామర పురుగు ఒచ్చినప్పుడు నీకు ఫోన్ జేసిన. యాదికున్ననా?”

శారదకు గొంతు గుర్తుంది. మనిషిని చూడటమే మొదటిసారి.

“ఎందుకు యాదికి లేవు? ఏం కొట్టకు, ఓ వారం ఆగు అన్న. కొట్టకుంటెట్ల అని నాతోని కొట్లాడినవు.”

“ఆఁ! ఊరంత కొట్టిన్రు, నేనొక్కదాన్నే ఆగిన. ఆ యేడు మా వాడకట్టుల నాదే తోట మిగిలింది.” సోమక్క ముఖంలో ఒక్క క్షణం పాత గర్వం కనిపించింది. అంతలోనే చల్లారింది. వంగి, సంచిలోంచి మొక్కలు తీసి గచ్చు మీద పెట్టింది. “ఈ యేడు సూడు తల్లీ.”

ఆకుల అంచులు కాల్చిన కాగితంలా గోధుమరంగుకు తిరిగి, లోపలికి చుట్టుకున్నాయి. కొమ్మ ముట్టుకుంటే పూత రాలింది. శారద ఒక ఆకు తెంపి, వెనక్కి తిప్పి చూసింది. పురుగు లేదు, నల్లి లేదు. ఇది తెగులు కాదు, మందు మాడ్చిన తోట.

“ఏం కొట్టినవు సోమక్కా?”

“నువ్వు రాసిందే. చిగురుబలం, యూరియా, పురుగుమందు, మూడు ఒక్క పంపుల కలిపి.”

“లేబుల్ మీద డోసు చూసుకోలేదా?” హాల్లోంచి భానుచందర్ అందుకున్నాడు.

“నాకు సదువు రాదు సారూ. మా కోడలు ఫోన్ల నుంచి సదివి చెప్పింది. పేజీల ఎంతుంటే అంతనే పోసిన.”

“మా దుకాణంల కొన్నవా?” పాండురంగం అడిగాడు.

“లేదయ్యా. పరకాలల కొన్న.”

పాండురంగం గుండె మీది బరువు దిగిపోవడం శారదకు స్పష్టంగా కనిపించింది. అంత పెద్ద ఊపిరి వదిలాడు. పొద్దున్నుంచి అతను వేసిన కేకలన్నిటికంటే ఆ ఊపిరే ఆమెకు ఎక్కువ కోపం తెప్పించింది.

సోమక్క కేకలు వెయ్యలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఎకరంనర కౌలు భూమి అని మాత్రం చెప్పింది. తర్వాత, దవాఖానలో డాక్టరును అడిగినట్టు అడిగింది.

“ఇప్పుడేం జెయ్యాలె శారదమ్మా?”

తిట్టి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది శారదకు.

“ఏం కొట్టకు. ఎవలు చెప్పినా కొట్టకు. సాయంత్రం ఉత్త నీళ్లు మొక్క మొత్తం తడిసేటట్టు పిచికారి చెయ్యి. ఒక తడి ఇయ్యి, ఎక్కువ వద్దు. పది రోజులల్ల కొత్త చిగురు వస్తే తోట నిలబడ్తది. రాకపోతే నేనే వచ్చి చూస్త. కానీ సోమక్కా, నేను ఎన్నడన్న మూడు కలపమని చెప్పిన్నా? ఒక్కసారికి ఒక్కటే మందు అని ఎన్నిసార్లు చెప్పిన నీకు!”

“నాకు గూడ అనుమానం ఒచ్చింది తల్లీ. శారదమ్మ కలపొద్దంటది గద, ఇప్పుడు కలపమంటదేంది అని మా కోడలితోని అన్న. మళ్లొకపాలి సదువుమన్న. సదివితే అండ్ల ఉన్నది గద, ‘మందు కొట్టిన మొక్క కొత్త కోడలసొంటిది, మూన్నాళ్లు ఏమనకుండ్రి, నాలుగోనాడు దాని పని అదే జేస్తది’ అని. అది ఇన్నంక నవ్వొచ్చింది. అయితే శారదమ్మే, ఇంకెవలు రాస్తరు గిట్ల, అనుకున్న.”

శారద చేతిలోని ఆకు అక్కడే ఆగిపోయింది.

ఆ మాట ఆమెది కాదు. చనిపోయిన అత్తగారిది. కుండీలో మొక్క నాటినా, పాలు తోడు పెట్టినా, చివరికి కొత్త మిక్సీ కొన్నా అత్తగారు అదే అనేది, కొత్త కోడలసొంటిది, మూన్నాళ్లు ఏమనకుండ్రి అని. వంటింట్లో అనుకునే మాట. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా శారద దాన్ని సైట్లో రాయలేదు.

“కూసో సోమక్కా. అన్నం తిని పోదువు,” అంది.  వరండాలో సోమక్కకు కంచం పెట్టి, పప్పూ పచ్చడీ వడ్డించి, నేరుగా లోపలి గదికి నడిచింది.

కూతురు అక్షర గది తలుపు దగ్గరగా వేసి ఉంది. ఎంబీయే అయ్యాక జూన్ నుంచి ఇంట్లోనే కూర్చుని హైదరాబాద్ కంపెనీకి ఏదో రాసిపెట్టే ఉద్యోగం చేస్తోంది. ఏ కంపెనీ అని శారద ఒకసారి అడిగింది. చెబితే నీకు తెల్వదులే అంది. మళ్లీ అడగలేదు.

చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కూతురు, మీటింగులో ఉన్నానని వేలితో సైగ చేసింది. శారద ఆ హెడ్‌ఫోన్లు తీసి మంచం మీద పెట్టింది.

“నాయనమ్మ కొత్త కోడలి ముచ్చట సైట్లకు ఎట్ల వచ్చింది?”

అక్షర లాప్‌టాప్ మూత వేసింది.

“మీ నాన్న నాలుగు లైన్లు సక్కగ రాయలేడు. బయట కూసున్నాయన నాయనమ్మను చూడనేలేదు. ఇంక మిగిలిందెవరు?”

“మ్యాటరు వాళ్లిచ్చిందేనమ్మా. ఎంత పొయ్యాలె, ఏం కలపాలె, అన్ని వాళ్లిచ్చినయే. నేను భాష మార్చిన, అంతే.”

“భాష?”

“నీ లెక్క రాసిన.”

 కింద రోడ్డు మీద పత్తి బస్తాల ట్రాలీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. 

“మొదలు వాళ్లు ఏఐ మిషిన్‌తోని రాయించిన్రు,” అంది అక్షర, కిటికీ వైపు చూస్తూ. “చదివితే బ్యాంకోళ్ల నోటీసు లెక్క ఉండె. ఇది చదివితే ఎవ్వలు నమ్మరు, ఆమె రాసినట్టు ఉండాలె అన్నడు భాను సార్. నేను రాసిచ్చిన. ఆ రోజే నా ఉద్యోగం పర్మినెంటు చేసిన్రు. నాన్నకు తెలుసు. నీకు ఆయన చెప్తడనుకున్న.”

“అంటే ఇంట్ల ముగ్గురిల ఇద్దరికి తెలుసు.”

“అమ్మా…”

“మూడు కలపమని ఉంటే నీకు అనుమానం రాలే? చదువు రాని సోమక్కకు వచ్చిందే! ఎన్నిసార్లు చెప్పిన నేను…”

“నాకు చెప్పినవా?” అక్షర గిరుక్కున ఇటు తిరిగింది. “నాకెప్పుడు చెప్పినవమ్మా? రైతులకు చెప్పినవ్. నాకు అన్నం పెట్టుకుంట ఫోన్ల వాళ్లకు చెప్పినవ్. నా టెన్త్ పరీక్షకు పోయేనాడు ఆటోల కూడ చెప్పినవ్. నేను పక్కన కూసోని విన్న. ఆ సైటు పెట్టిచ్చిందే నేను, పన్నెండేండ్లప్పుడు. విని విని నీ గొంతు వచ్చింది నాకు. మందుల ముచ్చట రాలే. ఆ గొంతు ఏడ పెట్టుకోవాలె నేను?”

 మూడు రోజులుగా కూడబెట్టుకున్న కోపం ఎవరి మీద పడాలో శారదకు తేలలేదు. ఆటోలో ఆ రోజు ఎవరితో మాట్లాడిందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. గుర్తు రాలేదు. అక్షరకు ఆ రోజు ఏ సబ్జెక్టు పరీక్షో కూడా గుర్తు రాలేదు.

“లాప్‌టాప్ తీస్కొని హాల్లకు రా,” అంది చివరికి.

బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని శారద కూర్చుంది. అక్షర గోడకు ఆనుకుని నిలబడింది.

“తీసేసిన పేజీ మళ్లా పెడ్తాన,” అంది శారద.

పాండురంగం ముఖం విప్పారింది. “గంతే! నేను పొద్దటికెల్లి చెప్పేది అదే గద…” అంటూ వచ్చి వెనక నిలబడ్డాడు. తెర మీది అక్షరాలు కూడబలుక్కుని చదివేసరికి విప్పారిన ముఖం అలాగే బిగుసుకుపోయింది.

పాత రాత అంతా తుడిచేసి, అదే చోట శారద కొత్తగా కొడుతోంది. ‘ఈ పేజీల ముందు రాసింది తప్పు. ఏ ముడతకైనా ఒకటే మందు అనేది అబద్ధం. ఆకు పైకి ముడుచుకుంటే ఒక కారణం, కిందికి ముడుచుకుంటే ఒక కారణం. మూడు మందులు కలిపి కొట్టకుండ్రి. ఇప్పటికే కొట్టినవాళ్లు ఈ కింద చెప్పినట్టు చెయ్యుండ్రి…’

భానుచందర్ సోఫాలోంచి లేచి వచ్చాడు.

“మేడం, ఎందుకిదంతా? తీసేసిన్రు గద, అట్లనే వదిలేయుండ్రి. పది రోజులకు ఎవ్వరికి యాదికుండదు. మీ చేత్తోని మీరే తప్పు అని రాసుకుంటే కాలేజోళ్లు చూస్తరు, పేపరోళ్లు చూస్తరు. ఒక్కొక్కరు లింకు తీసేస్తరు. పదకొండేండ్లది పదకొండు రోజులల్ల పోతది.”

“పోనియ్యి.”

“కనీసం వేరే పేజీల రాయుండ్రి.”

“ఏ పేజీ చూసి కొట్టిన్రో, తోట మాడినంక మళ్లా దాన్నే వెతుక్కుంట వస్తరు. గ్రూపులల్ల తిరిగింది ఇదే అడ్రసు. ఫోన్ల అడిగితే మొదట వచ్చేది ఇదే అని నువ్వే గద చెప్పినవు? నా పేరు మొదట పెట్టినందుకు ఈ ఒక్క పనికన్న అక్కెరకు రానియ్యి.”

“ఆరు నెలలకు అగ్రిమెంటు ఉన్నది. మీ సారు సంతకం చేసిండు.”

“ఆయన సంతకం ఆయన దుకాణానికి చెల్లుతది. కిందికి పొయ్యి మాట్లాడుకోండి.”

భానుచందర్ పాండురంగం వైపు చూశాడు. పాండురంగం నేల వైపు చూశాడు. మూడు రోజులు ఇల్లంతా దద్దరిల్లేలా అరిచిన మనిషి, తీరా అవసరమైనప్పుడు ఒక్క మాట అనలేకపోయాడు.

“అక్షరా,” అన్నాడు భానుచందర్, బ్యాగు భుజానికి తగిలించుకుంటూ. “మీ అమ్మగారికి నువ్వన్న చెప్పు. సోమవారం నీతోని కూడ మాట్లాడేది ఉన్నది నాకు.”

మెట్లు దిగి వెళ్లిపోయాడు. కారు కదిలిన చప్పుడైంది.

“బోర్డు రేపు తీసుకపోతరు,” అన్నాడు పాండురంగం ఎవరితోనో అన్నట్టు. “వాడకట్టోళ్లంత సూస్తరు.”



శారద పేజీ చివరిదాకా వచ్చింది. ప్రతి పేజీ కింద ‘రాసింది శారద’ అని, తారీఖు వేయడం ఆమె అలవాటు. ఈసారి అంతకు ముందు ఒక వాక్యం ఉండాలి. ముందు రాసింది ఎవరు, ఎట్లా వచ్చింది. రైతులు అడుగుతారు, అడగాలి కూడా. ఆమె వేళ్లు అక్కడ ఆగాయి. ఆ వాక్యంలో అక్షర పేరు రాయాలి. శారద ఆ వాక్యం వదిలేసి, మిగతాదంతా అలాగే సైట్లోకి పంపేసింది.

పంపిన రెండు నిమిషాలకే ఫోన్ మోగింది. పరిశోధన కేంద్రం నుంచి రమాకాంత్ సార్. శారద ఫోన్ బల్ల మీదే పెట్టి స్పీకరు నొక్కింది. ఈ ఇంట్లో ఇక ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకుండా ఉండటం ఆమెకు ఇష్టం లేదు.

“శారదమ్మా, మా కేంద్రానికి పొద్దటి నుంచి మూడూర్ల రైతులు ఫోన్ చేసిన్రు. అందరు నీ పేరే చెప్తాన్రు.”

“పేజీ మార్చిన సార్. ఇప్పుడే. చూడుండ్రి.”

“చూసిన. మంచిగ రాసినవు. ఇంకో రెండు మాటలు నేను పంపుత, అవి కూడ పెట్టు.” ఆయన గొంతు తగ్గించాడు. “కానీ మా పేజీల నీ లింకు ఇయ్యాల్నే తీపిస్తానమ్మా. పెట్టించింది నేనే. బాధపడకు.”

“తియ్యుండ్రి సార్.”

పాండురంగం కుర్చీలో కూలబడ్డాడు. పొద్దున భానుచందర్ చెప్పిన పాఠం అతనికి ఇప్పుడు తలకెక్కినట్టుంది.

“ఒక్క మాట అడుగుత,” అన్నాడు రమాకాంత్. “ఆ మొదటిది నువ్వు రాసినవా?”

“నా పేరు మీద వచ్చింది సార్. జవాబుదారీ నాదే.”

“నేను అడిగింది అది కాదమ్మా. నువ్వు రాసినవా?”

పాండురంగం చెయ్యి అడ్డంగా ఊపాడు, వద్దు వద్దు అని. శారద భర్త వైపు చూసింది. కూతురి వైపు చూడలేకపోయింది. నోరు తెరిచేలోపు గోడ దగ్గర నుంచి మాట వచ్చింది.

“అమ్మ రాయలే సార్. నేను రాసిన. నేను వాళ్ల బిడ్డను, అక్షరను.”



“సరే బిడ్డా,” అన్నాడాయన. ఆ గొంతులో కోపం ఉందో లేదో తెలియలేదు. “రేపు మాట్లాడ్త.”

ఫోన్ పెట్టేశాక శారద తలెత్తి చూస్తే, వరండా గుమ్మంలో సోమక్క నిలబడి ఉంది. చెయ్యి కడుక్కుని, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని, పోయొస్తానని చెప్పడానికి వచ్చినట్టుంది. ఎప్పటి నుంచి నిలబడిందో ఎవరూ చూడలేదు.

“నువ్వా బిడ్డా?” అంది సోమక్క.

అక్షర తలూపింది.

ఇప్పుడైనా తిడుతుందని శారద ఎదురుచూసింది. సోమక్క అక్షరను కాళ్ల నుంచి తలదాకా చూసింది.

“మిరపతోట ఎన్నడన్న సూసినవా? రోడ్డు మీదికెల్లి కాదు, లోపటికి పొయ్యి?”

“లేదు.”

“అయితే నడువు. మూడింటికి పరకాల బస్సున్నది. నువ్వు రాసింది నువ్వే సూడాలె.”

“ఏడికి?” పాండురంగం కుర్చీలోంచి లేచాడు. “అమ్మా, నీకో దండం. మూడూర్లోళ్లు కోపం మీదున్నరు. రాసింది ఈ పిల్లే అని ఆడ తెలిస్తే ఊకుంటరా? ఒక్కదాన్ని ఎట్ల పంపుత? శారదా! చెప్పవేందే, నీ నోరు పడిపోయిందా?”

సోమక్క అతనితో వాదించలేదు. వెనక్కి తిరిగి మెట్లు దిగడం మొదలుపెట్టింది.

శారద లేచింది. ఆగు అనడానికే లేచింది. అక్షర అప్పటికే తలుపు పక్కన చెప్పులు వెతుక్కుంటోంది. ఆ వంగిన వీపు చూసేసరికి శారద నోట్లోంచి వేరే మాట వచ్చింది.

“చున్నీ కప్పుకో. ఎండున్నది.”

అక్షర ఒక కాలికి చెప్పు వేసుకుంది. రెండో దాని కోసం వంగినప్పుడు బల్ల మీద ఆమె ఫోన్ మోగడం మొదలైంది. తెర మీద భాను సార్ పేరు వెలిగింది. అక్షర వంగినది వంగినట్టే ఆగిపోయి, ముందు ఫోన్ వైపు, తర్వాత తల్లి వైపు చూసింది.

కింది మెట్టు మీద నుంచి సోమక్క పిలిచింది.

“వస్తానవా బిడ్డా, నేను పోవాల్నా?”